భూటాన్: ప్రజలను పోగొట్టుకున్న దక్షిణ మైదానానికే మళ్లీ ప్రజలను పిలుస్తున్న దేశం

2023 డిసెంబర్ 17. భూటాన్ జాతీయ దినోత్సవం. రాజు జిగ్మే ఖేసర్ నామ్‌గ్యేల్ వాంగ్‌చుక్ తన ప్రసంగంలో ఒక కొత్త నగర నిర్మాణాన్ని ప్రకటించారు. అస్సాం సరిహద్దును ఆనుకుని ఉన్న గెలెఫు అనే చిన్న పట్టణం చుట్టూ, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంలో 'గెలెఫు మైండ్‌ఫుల్‌నెస్ సిటీ' వెలుస్తుందని చెప్పారు. దానికి ప్రత్యేక పాలనా వ్యవస్థ, ప్రత్యేక చట్టాలు, అంతర్జాతీయ విమానాశ్రయం ఉంటాయి. చదువుకుని విదేశాలకు వెళ్లిపోతున్న యువతను వెనక్కి రప్పించడం ఈ నగర లక్ష్యాలలో ముఖ్యమైనది.

గెలెఫు ఉన్నది సర్పంగ్ జిల్లాలో. 1990ల ఆరంభంలో దాదాపు లక్ష మంది నేపాలీ భాషీయులు దేశం విడిచి వెళ్లిన దక్షిణ జిల్లాలలో ఇది కూడా ఒకటి. అప్పట్లో ఆ ప్రజలు ఎక్కువగా ఉన్నారన్నది భూటాన్ ప్రభుత్వ ఆందోళన. ఇప్పుడు దేశంలో ప్రజలు తగ్గిపోతున్నారన్నది దాని ఆందోళన. మూడు దశాబ్దాల తేడాతో ఎదురైన ఈ రెండు ఆందోళనలూ ఒకే నేల మీద కలుసుకుంటున్నాయి. కాబట్టి గెలెఫు భవిష్యత్తును పెట్టుబడుల లెక్కలతో మాత్రమే అంచనా వేయడం కుదరదు. భూటాన్ పౌరుడు ఎవరు అన్న పాత ప్రశ్నతోనూ అది ముడిపడి ఉంది.

మూడు మెట్ల దేశం

భూటాన్ విస్తీర్ణం సుమారు 38 వేల చదరపు కిలోమీటర్లు. 2017 జనాభా లెక్కల ప్రకారం అక్కడి నివాసులు 7.27 లక్షలు. ఉత్తరాన చైనా పాలనలోని టిబెట్, మిగతా మూడు వైపులా భారత్. పశ్చిమాన సిక్కిం, పశ్చిమ బెంగాల్, దక్షిణాన అస్సాం, తూర్పున అరుణాచల్ ప్రదేశ్ దానికి సరిహద్దులు.

ఈ చిన్న దేశంలో ఎత్తుపల్లాల తేడా మాత్రం చాలా ఎక్కువ. ఉత్తర సరిహద్దులో 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ శిఖరం ఉంది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ అధిరోహించని శిఖరాలలో అత్యంత ఎత్తైనది ఇదే. అక్కడి నుంచి దక్షిణానికి వచ్చేసరికి నేల సముద్ర మట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తుకు దిగిపోతుంది. పైన మంచు కొండలు, జడల బర్రెలను మేపుకునే సంచార కుటుంబాలు. మధ్యలో పారో, థింపూ, పునాఖా, బుమ్‌తాంగ్ వంటి లోయలు, వాటిలో వరి మళ్లు, కోటల వంటి జోంగ్‌లు. దిగువన ఉక్కపోత, దట్టమైన అడవులు, వక్క, నారింజ, యాలకుల తోటలు.

కొండల నుంచి మైదానానికి దిగే కనుమ దారులను 'దువార్' అంటారు. తెలుగువారికి తెలిసిన 'ద్వారం' అన్న మాటే అది. భూటాన్ చరిత్రలోని పెద్ద మలుపులు అనేకం ఈ ద్వారాల దగ్గరే సంభవించాయి.

ఒకే పేరు కింద పలు భాషలు

బయటి ప్రపంచానికి భూటాన్ ఒకే మతం, ఒకే వేషం, ఒకే సంస్కృతి ఉన్న దేశంగా కనిపిస్తుంది. వాస్తవంలో అక్కడ సుమారు 20 భాషలు వాడుకలో ఉన్నాయి. పశ్చిమ లోయల్లోని న్గాలోప్‌లు మాట్లాడే జోంగ్‌ఖా దేశ అధికార భాష. రాజవంశం మూలాలు మధ్య భూటాన్‌లోని బుమ్‌తాంగ్‌లోనూ, దానికి ఈశాన్యాన ఉన్న కుర్తోలోనూ ఉన్నాయి. తూర్పున ఉన్నవారు షార్‌చోప్‌లు. ఆ పేరుకు 'తూర్పువారు' అనే అర్థం. వారి త్సాంగ్లా భాష జోంగ్‌ఖాకు భిన్నమైనది. దక్షిణాన ఉన్నవారు లోత్షంపాలు, అంటే 'దక్షిణాదివారు'. వీరి భాష నేపాలీ, అత్యధికుల మతం హిందూ.

బౌద్ధంలోనూ భేదాలు ఉన్నాయి. పశ్చిమాన ద్రుక్పా కగ్యు శాఖ, తూర్పున, మధ్య ప్రాంతాలలో న్యింగ్మా శాఖ ప్రబలం. ద్రుక్పా శాఖ పేరులోని 'ద్రుక్' అంటే డ్రాగన్. భూటానీలు తమ దేశాన్ని 'ద్రుక్ యుల్' అని పిలుచుకుంటారు. దేశం పేరులోనే ఒక మత శాఖ ముద్ర ఉంది. దేశంలోని అందరూ ఆ శాఖకు చెందినవారు కాకపోవడం వల్ల పౌరసత్వ చర్చకు మొదటి నుంచీ ఒక సున్నితత్వం అబ్బింది.

మఠాధిపతి నుంచి మహారాజు దాకా

విడివిడిగా ఉన్న లోయలను ఒక్క దేశంగా కూర్చిన వ్యక్తి 1616లో టిబెట్ నుంచి వచ్చిన మత గురువు షబ్‌దృంగ్ న్గవాంగ్ నామ్‌గ్యేల్. జోంగ్‌లు కట్టించి, మత వ్యవహారాలను ఒకరికి, లౌకిక పాలనను మరొకరికి అప్పగించే జంట వ్యవస్థను ఆయన నెలకొల్పారు. ఆయన అనంతరం రెండు శతాబ్దాలకు పైగా ఆ వ్యవస్థ అంతఃకలహాల మధ్య నడిచింది.

దక్షిణ ద్వారాల దగ్గర భూటాన్‌కు బ్రిటిష్ ఇండియా ఎదురైంది. 1864–65 దువార్ యుద్ధంలో భూటాన్ ఓడింది. 1865 సించులా ఒప్పందంతో అస్సాం, బెంగాల్ వైపు ఉన్న సారవంతమైన దువార్ భూములను వదులుకుని, ఏటా 50 వేల రూపాయల వరకూ పరిహారం తీసుకోవడానికి అంగీకరించింది. ఆ భూముల్లో తేయాకు తోటలు వెలిశాయి. మైదానం చేజారిన దేశానికి, కొండల పాదం దగ్గర మిగిలిన సన్నటి పట్టీ మరింత విలువైనదిగా మారింది.

1907 డిసెంబర్ 17న ఉగ్యెన్ వాంగ్‌చుక్ మొదటి వంశపారంపర్య రాజుగా ఎన్నికయ్యారు. జాతీయ దినోత్సవం ఆ రోజునే జరుపుకోవడానికి కారణం అదే. 1910 పునాఖా ఒప్పందం ద్వారా భూటాన్ విదేశీ వ్యవహారాలపై బ్రిటిష్ సలహాను అంగీకరించింది. స్వతంత్ర భారత్ 1949 ఆగస్టు 8న కుదుర్చుకున్న ఒప్పందం అదే ఏర్పాటును కొనసాగించింది. దేవన్‌గిరి ప్రాంతంలోని 32 చదరపు మైళ్ల భూమిని మాత్రం భూటాన్‌కు తిరిగి ఇచ్చింది. 2007లో సవరించిన ఒప్పందంలో విదేశాంగ విధానంపై సలహా అన్న నిబంధన తొలగిపోయింది.

దేశం ముఖం దక్షిణానికి తిరిగిన క్రమం

1950ల వరకూ భూటాన్ వర్తకం, మత సంబంధాలు ప్రధానంగా ఉత్తరాన టిబెట్‌తో సాగాయి. 1958లో భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు నేరుగా వెళ్లే మోటారు రోడ్డు లేదు. సిక్కిం మీదుగా టిబెట్‌లోని చుంబీ లోయలోకి దిగి, అక్కడి నుంచి కొండదారుల్లో పారో చేరుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది టిబెట్‌లో తిరుగుబాటు అణచివేతకు గురైంది. ఆ వెంటనే భూటాన్ తన ఉత్తర సరిహద్దును మూసివేసింది.

1960ల ఆరంభంలో భారత సరిహద్దు రహదారుల సంస్థ వేసిన రోడ్డు ఫుంట్‌షోలింగ్‌ను థింపూ, పారోలతో కలిపింది. తర్వాత జలవిద్యుత్ వచ్చింది. 336 మెగావాట్ల చుఖా, 1,020 మెగావాట్ల తాలా, 720 మెగావాట్ల మంగ్‌దెఛు ప్రాజెక్టులు భారత సహకారంతో నిర్మించినవే. భారత్‌కు అమ్మే విద్యుత్తు భూటాన్‌కు ప్రధాన ఆదాయ వనరు అయింది. భూటాన్ కరెన్సీ న్గుల్‌ట్రమ్ విలువ భారత రూపాయితో సమానం. ఇంటికి కావలసిన సరుకు నుంచి ఇంధనం వరకూ అత్యధిక భాగం దక్షిణ ద్వారాల నుంచే వస్తుంది. ఆ ద్వారాల దగ్గర నివసించే లోత్షంపాల స్థానం కూడా దీనితో పాటే మారింది. దేశపు అంచున ఉన్న రైతులు, కొత్త ఆర్థిక వ్యవస్థ ముంగిట ఉన్న ప్రజలయ్యారు.

దక్షిణాదివారు ఎలా వచ్చారు?

19వ శతాబ్దం చివరి నుంచి నేపాలీ రైతులు దక్షిణ భూటాన్‌కు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది. మలేరియా భయంతో ఉత్తరాదివారు దిగడానికి ఇష్టపడని అడవులను వారు నరికి సాగులోకి తెచ్చారు. కాలింపాంగ్ కేంద్రంగా వ్యవహారాలు నడిపిన డోర్జీ కుటుంబం ఈ వలసను ప్రోత్సహించింది. ఈ రైతులు నగదు రూపంలో కట్టే పన్ను ఖజానాకు ముఖ్యమైన రాబడి అయింది. అయితే వారు ఉత్తర లోయల్లో స్థిరపడటానికి చాలాకాలం అనుమతి లేదు.

1952లో లోత్షంపా నాయకులు భూటాన్ స్టేట్ కాంగ్రెస్‌ను స్థాపించి, రాజకీయ హక్కులు, పౌరసత్వం కోరారు. 1954లో సర్పంగ్‌లో వారు తలపెట్టిన సత్యాగ్రహాన్ని ప్రభుత్వం అణచివేసింది. కొత్త నగరం వస్తున్న జిల్లా ఇదే. కానీ ఆ డిమాండ్ వృథా కాలేదు. సంస్కర్తగా పేరొందిన మూడో రాజు జిగ్మే డోర్జీ వాంగ్‌చుక్ 1953లో జాతీయ శాసనసభను ఏర్పాటు చేశారు. వెట్టిని రద్దు చేశారు. 1958 జాతీయత చట్టం ద్వారా, పదేళ్లుగా భూటాన్‌లో నివసిస్తూ వ్యవసాయ భూమి కలిగిన లోత్షంపాలకు పౌరసత్వం దక్కే వీలు కల్పించారు. తర్వాతి ఏళ్లలో వారు ఉపాధ్యాయులు, ఇంజినీర్లు, ఉన్నతాధికారులు అయ్యారు.

సిక్కిం నీడ

1970లు, 80లలో వాతావరణం మారింది. 1975లో సిక్కిం భారత్‌లో విలీనమైంది. అక్కడ నేపాలీ భాషీయులు మెజారిటీ కావడం, బౌద్ధ రాచరికం అంతరించడం థింపూ పాలకుల మనసులో బలంగా నాటుకున్నాయి. 1986–88 మధ్య డార్జిలింగ్ కొండల్లో గూర్ఖాలాండ్ ఉద్యమం సాగింది. దక్షిణాన అభివృద్ధి పనులు, బహిరంగ సరిహద్దు వల్ల అక్రమ వలసలు పెరుగుతున్నాయన్న వాదన కూడా తోడైంది.

చిన్న దేశం తన అస్తిత్వం గురించి భయపడటం అసహజం కాదు. చైనా, భారత్ అనే రెండు మహా దేశాల మధ్య, పక్కనే మరో రాజ్యం కనుమరుగు కావడం చూసిన దేశం అది. అయితే ఆ భయాన్ని ఎదుర్కోవడానికి ఎంచుకున్న సాధనం, తరతరాలుగా స్థిరపడిన పౌరులకూ నిన్న వచ్చిన వలసదారులకూ మధ్య గీతను చెరిపేసింది.

ఒక పన్ను రసీదు, ఏడు వర్గాలు

1985 పౌరసత్వ చట్టం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ భూటానీలైతేనే బిడ్డకు జన్మతః పౌరసత్వం వస్తుంది. లేదంటే 1958 డిసెంబర్ 31 నాటికి దేశంలో నివాసం ఉన్నట్లు, ప్రభుత్వ జనాభా పట్టికలో పేరు ఉన్నట్లు తేలాలి. 1988లో దక్షిణ జిల్లాలలో జనగణన మొదలైంది. అధికారులు 1958 నాటి భూమి పన్ను రసీదు చూపమన్నారని, అంతకు ముందు ఏడాదిదో తర్వాతి ఏడాదిదో చూపినా ఒప్పుకోలేదని శరణార్థులు, మానవ హక్కుల సంఘాలు చెబుతూ వచ్చాయి. జనాన్ని ఎఫ్1 నుంచి ఎఫ్7 వరకూ ఏడు వర్గాలుగా విభజించారు. ఎఫ్1 అంటే నిజమైన భూటానీ, ఎఫ్7 అంటే భూటానీ కానివారు. ఒకే ఇంట్లో భర్త ఒక వర్గంలోకి, భార్య మరో వర్గంలోకి వెళ్లిన సందర్భాలు ఉన్నాయి.

దీనికి సాంస్కృతిక విధానం జత కలిసింది. 'ఒకే దేశం, ఒకే ప్రజ' అన్న నినాదంతో 1989లో సంప్రదాయ మర్యాదల నియమావళి ద్రిగ్లామ్ నమ్‌జాను దేశమంతా అమలు చేశారు. పురుషులు ఘో, స్త్రీలు కిరా ధరించాలి. చలి లోయల కోసం పుట్టిన ఆ బరువైన వస్త్రాలు ఉక్కపోత మైదానంలోని రైతులకూ తప్పనిసరి అయ్యాయి. పాఠశాలల్లో నేపాలీ బోధన ఆగిపోయింది. ఈ విధానాలపై రాజుకు విన్నపం సమర్పించిన రాజ సలహా మండలి సభ్యుడు టేక్‌నాథ్ రిజాల్ పదవి పోగొట్టుకున్నారు. నేపాల్ వెళ్లి తలదాచుకున్న ఆయనను 1989లో అక్కడే పట్టుకుని భూటాన్‌కు అప్పగించారు. 1999 డిసెంబర్‌లో గానీ ఆయన విడుదల కాలేదు.

1990 సెప్టెంబర్‌లో దక్షిణ జిల్లాలలో పెద్ద ఎత్తున ప్రదర్శనలు జరిగాయి. కొన్నిచోట్ల హింస చెలరేగింది. ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలపై దాడులు జరిగాయి. సైన్యం దిగింది. అరెస్టులు, చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. బడులు, ఆసుపత్రులు మూతపడ్డాయి. వేలాది కుటుంబాలు 'స్వచ్ఛందంగా వలస వెళుతున్నాం' అన్న పత్రాలపై సంతకాలు చేసి కదిలాయి. ఆ సంతకాలు బలవంతంగా పెట్టించుకున్నవని శరణార్థులు, స్వచ్ఛందంగా పెట్టినవని ప్రభుత్వం అంటాయి.

సంఖ్యల విషయంలోనూ ఒక విచిత్రం ఉంది. 1971లో ఐక్యరాజ్య సమితిలో చేరేనాటికి భూటాన్ జనాభా దాదాపు పది లక్షలని ప్రచారంలో ఉండేది. 1990 నాటికి అది సుమారు ఆరు లక్షలేనని ప్రభుత్వమే చెప్పింది. ఆ లెక్కన చూస్తే దేశం విడిచినవారు జనాభాలో దాదాపు ఆరో వంతు.

సరిహద్దే లేని దేశంలో ఆశ్రయం

భూటాన్‌కు నేపాల్‌తో సరిహద్దు లేదు. మధ్యలో భారత్ ఉంది. అస్సాం, పశ్చిమ బెంగాల్‌కు చేరిన కుటుంబాలను అక్కడ స్థిరపడనివ్వలేదు. చాలామందిని భారత అధికారులు లారీలలో నేపాల్ సరిహద్దు దాకా చేర్చారని శరణార్థులు చెబుతారు. తూర్పు నేపాల్‌లోని ఝాపా జిల్లాలో మై నది ఒడ్డున మొదటి గుడిసెలు వెలిశాయి. ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ సహాయంతో ఝాపా, మోరంగ్ జిల్లాలలో ఏడు శిబిరాలు ఏర్పడ్డాయి.

1993 నుంచి నేపాల్, భూటాన్ పదిహేను విడతలకు పైగా చర్చలు జరిపాయి. 2001లో ఖుదునాబారి శిబిరంలో ఉమ్మడి పరిశీలన జరిగింది. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరిశీలించిన దాదాపు 12 వేల మందిలో బలవంతంగా వెళ్లగొట్టినవారు 2.5 శాతం మాత్రమే. సుమారు 70 శాతం మందిని 'స్వచ్ఛందంగా వలస వెళ్లినవారు'గా తేల్చారు. వారు వెనక్కి వస్తే పౌరసత్వానికి కొత్తగా దరఖాస్తు చేసుకోవలసిందే. ఆ ఏడాది డిసెంబర్‌లో శిబిరంలో భూటాన్ అధికారులపై దాడి జరగడంతో ప్రక్రియ నిలిచిపోయింది. ఒక్క శరణార్థి కూడా అధికారికంగా స్వదేశానికి చేరలేదు.

చివరికి పరిష్కారం దూర దేశాల నుంచి వచ్చింది. 2007 చివర్లో మొదలైన పునరావాసం కింద అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్ కలిసి 1.1 లక్షల మందికి పైగా శరణార్థులను స్వీకరించాయి. వారిలో 90 వేల మందికి పైగా అమెరికా వెళ్లారు. ఇంకా ఆరేడు వేల మంది ఝాపా, మోరంగ్ జిల్లాలలో మిగిలారు. వారిలో సొంత ఊరికి తప్ప మరెక్కడికీ వెళ్లబోమని పట్టుబట్టిన వృద్ధులు ఉన్నారు. ఈ శరణార్థుల పేరిట మోసం కూడా నడిచింది. నేపాల్ పౌరులనే భూటాన్ శరణార్థులుగా చూపి అమెరికా పంపిస్తామని డబ్బు గుంజారన్న కేసులో 2023లో ఆ దేశ మాజీ మంత్రులు అరెస్టయ్యారు.

ప్రజాస్వామ్యం తెచ్చిన మార్పు, మార్చనిది

ఈ కథలో మరో పార్శ్వం కూడా ఉంది. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ తనంతట తానుగా అధికారాలను తగ్గించుకుని 2006లో కుమారుడికి సింహాసనం అప్పగించారు. 2008లో తొలి పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది జూలై 18న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత 2013, 2018, 2024 ఎన్నికలలో ప్రతిసారీ అధికారం చేతులు మారింది. 2024 జనవరిలో త్సెరింగ్ తోబ్గే రెండోసారి ప్రధాని అయ్యారు. దక్షిణాది నుంచి లోత్షంపాలు పార్లమెంటుకు, మంత్రివర్గానికి ఎన్నికవుతున్నారు. దసరా పండుగకు సెలవు ఉంది. థింపూలో హిందూ దేవాలయం వెలిసింది. రాజు తన విశేషాధికారంతో పలువురికి పౌరసత్వం మంజూరు చేస్తూ వస్తున్నారు.

కానీ 1958 డిసెంబర్ 31 అన్న గడువు తేదీ రాజ్యాంగంలోనూ కొనసాగింది. సహజీకృత పౌరసత్వానికి పదిహేనేళ్ల నివాసంతో పాటు జోంగ్‌ఖా మాట్లాడటం, రాయడం రావాలి. రాజు దయతో లభించే పౌరసత్వం విలువైనదే. అయితే దరఖాస్తుదారుకు అది హక్కుగా దక్కేది కాదు. 1990 నుంచి 2010 మధ్య జైలుపాలైన రాజకీయ ఖైదీలు కనీసం 37 మంది ఇంకా నిర్బంధంలో ఉన్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2023లో వెల్లడించింది. శరణార్థులు వదిలి వెళ్లిన భూముల్లో కొంత భాగాన్ని 1990ల చివరి నుంచి ఇతర ప్రాంతాల భూమిలేని కుటుంబాలకు పంచారు. కాబట్టి రేపు ఎవరైనా తిరిగి వచ్చినా పాత పొలం అలాగే వేచి ఉండదు.

ఖాళీ అవుతున్న దేశం

ఇప్పుడు భూటాన్‌ను వేధిస్తున్న సమస్య వేరు. సంతానోత్పత్తి రేటు భర్తీ స్థాయి అయిన 2.1 కంటే దిగువకు పడిపోయింది. కోవిడ్ తర్వాత చదువు, ఉపాధి పేరుతో వేలాది యువతీయువకులు ఆస్ట్రేలియా వెళ్లారు. వారిలో ఉపాధ్యాయులు, నర్సులు, ప్రభుత్వ ఉద్యోగులు ఉన్నారు. 'స్థూల జాతీయ ఆనందం' అన్న భావనతో ప్రపంచానికి పరిచయమైన దేశం, తన చదువుకున్న తరాన్ని ఇంట్లో నిలుపుకోవడానికి కష్టపడుతోంది. 2024 అక్టోబర్‌లో రాజు స్వయంగా ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి భూటానీలను కలిశారు.

గెలెఫు ఈ సమస్యకు థింపూ ఇస్తున్న జవాబు. పర్వత దేశంలో నగరం కట్టడానికి తగిన విశాలమైన చదును నేల దక్షిణానే దొరుకుతుంది. వాణిజ్య చట్టాలను సింగపూర్ నుంచి, ఆర్థిక సేవల నిబంధనలను అబూధాబి నుంచి తీసుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో భారత్ రెండు రైలు మార్గాలను ప్రకటించింది. అస్సాంలోని కోక్రాఝర్ నుంచి గెలెఫుకు 69 కిలోమీటర్లు, పశ్చిమ బెంగాల్‌లోని బనర్‌హాట్ నుంచి సంత్సేకు 20 కిలోమీటర్లు. రెండింటి అంచనా వ్యయం సుమారు 4,033 కోట్ల రూపాయలు. ఇవి పూర్తయితే భూటాన్‌లోకి తొలిసారి రైలు ప్రవేశిస్తుంది.

భారత్‌కు ఇందులో ఆసక్తి స్పష్టమే. 2017లో డోక్లామ్ పీఠభూమి మీద భారత్, చైనా సైన్యాలు 73 రోజుల పాటు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ ప్రాంతానికి దక్షిణాన ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే ఇరుకైన సిలిగురి నడవ ఉంది. 2003 డిసెంబర్‌లో ఉల్ఫా తదితర సాయుధ దళాల స్థావరాలను భూటాన్ సైన్యం తన దక్షిణ అడవుల్లో ధ్వంసం చేసింది. దక్షిణ భూటాన్ శాంతంగా, భారత్‌తో సఖ్యంగా ఉండటం ఢిల్లీకి భద్రతా అవసరం. శరణార్థుల సమస్య భూటాన్, నేపాల్‌ల ద్వైపాక్షిక వ్యవహారమని భారత్ దూరంగా ఉండిపోవడానికి కారణాన్ని విశ్లేషకులు ఇక్కడే చూస్తారు.

మూసుకున్న తలుపు మళ్లీ తట్టినప్పుడు

మూసేశామనుకున్న కథ 2025లో మళ్లీ తెరుచుకుంది. అమెరికాలో స్థిరపడి, అక్కడి పౌరసత్వం పొందకముందే నేరాలలో శిక్ష పడిన కొందరు పూర్వపు శరణార్థులను ఆ దేశం మార్చి నుంచి భూటాన్‌కు పంపడం మొదలుపెట్టింది. పారో విమానాశ్రయంలో దిగినవారిని భూటాన్ అధికారులు స్వల్ప వ్యవధిలోనే భారత సరిహద్దుకు తరలించారు. కొందరు అక్కడి నుంచి నేపాల్ చేరి, అక్రమ ప్రవేశం ఆరోపణపై నిర్బంధంలోకి వెళ్లారు. వారిని బహిష్కరించకుండా నేపాల్ సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. 1990లలో తల్లిదండ్రులు నడిచిన దారిలోనే వారి పిల్లలు మళ్లీ నడిచారు. రెండు ఖండాలు తిరిగినా వారిని తమవారని ఒప్పుకునే దేశం ఒక్కటీ లేకపోయింది.

సంఖ్యాపరంగా ఇది చిన్న బృందం. సానుభూతి పొందే నేపథ్యం కూడా అందరికీ లేదు. అయినా అమెరికా వారిని భూటాన్‌కే పంపిందంటే, వారి మూలం ఎక్కడిదో అమెరికా లెక్కలో సందేహం లేదన్నమాట. భూటాన్ వారిని విమానం దిగనిచ్చి, ఉండనివ్వకపోవడం వల్ల ఆ సందేహం థింపూలో మాత్రమే మిగిలింది.

ముందున్న పరీక్ష

లక్ష మందినీ తిరిగి తీసుకోవడం అన్న ప్రశ్న ఇప్పుడు ఆచరణలో లేదు. అత్యధికులు ఇతర దేశాల పౌరులయ్యారు. వారి పిల్లలు ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో పెరుగుతున్నారు. మిగిలిన ప్రశ్నలు పరిమాణంలో చిన్నవి, కాబట్టి పరిష్కరించదగినవి. నేపాల్ శిబిరాలలో మిగిలిన ఆరేడు వేల మందిలో పాత పత్రాలు ఉన్నవారి దరఖాస్తులను తిరిగి పరిశీలించడం ఒకటి. విదేశాలలో ఉన్నవారు దక్షిణ జిల్లాలలోని బంధువులను చూడటానికి సులువుగా రాగలగడం మరొకటి. మూడు దశాబ్దాలుగా జైళ్లలో ఉన్నవారిని విడుదల చేయడం ఇంకొకటి. వీటిలో ఏదీ భూటాన్ జనాభా స్వరూపాన్ని మార్చేది కాదు.

వీటి వల్ల లాభపడేది శరణార్థులు మాత్రమే కాదు. గెలెఫుకు కొన్ని దశాబ్దాలలో లక్షలాది నివాసులు కావాలి. సొంత జనాభాతోనే ఆ సంఖ్య అందుకోవడం భూటాన్‌కు అసాధ్యం. అంటే విదేశీ నిపుణులు, పెట్టుబడిదారులు, భారత కార్మికులు అక్కడికి రావలసిందే. విదేశాల నుంచి వచ్చినవారికి ప్రత్యేక నివాస హోదా ఇచ్చే నగరం, అదే జిల్లాలో పుట్టి పెరిగిన వృద్ధుడికి ప్రవేశం నిరాకరిస్తే, ఆ తేడాకు కారణం ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు.

దక్షిణ ద్వారాలు ఒకప్పుడు భూటాన్‌కు భూమి పోయిన చోటు. తర్వాత ప్రజలు పోయిన చోటు. ఇప్పుడు అక్కడికే రైలు వస్తోంది, నగరం వస్తోంది. ఝాపాలోని బెల్డాంగీ శిబిరంలో మాత్రం 1958 నాటి పన్ను రసీదును ఇంకా దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ కాగితానికి గెలెఫులో విలువ ఉంటుందా లేదా అన్నది భూటాన్ ప్రభుత్వం ఒక్కటే చెప్పగలదు.